మనసులో రూఢి లేకుండా పెళ్లి కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

కావలి టైలరమ్మ:

అందరికీ వందనాలు. మాది కావలి. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మూడు తరాలుగా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లం. మా అమ్మాయి నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్. అక్కడే పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. హిందువులు, రాపూరు వైపు వాళ్లు. మొదట్లో ఇంట్లో జరిగిన రచ్చ ఇక్కడ రాయను. ఒప్పుకున్నాం. పిల్లవాడు మంచోడే, పోయిన ఫిబ్రవరిలో గుణదల మరియమాత తిరునాళ్లకు మాతోపాటు వచ్చి కొండ కూడా ఎక్కాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, విచారణ గురువుల (మా చర్చి ఫాదర్ గారి) దగ్గరికి పోతే బిషప్ గారి అనుమతి రావాలన్నారు. దానికి మా అమ్మాయి ఒక కాగితం మీద సంతకం చేయాలంట. తన విశ్వాసం వదలనని, పుట్టే పిలకాయలందరికీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించి కతోలిక విశ్వాసంలో పెంచడానికి శక్తి మేరకు అంతా చేస్తానని మాట. ఆ కాగితం తెచ్చి పదకొండు రోజులైంది. మిషను సొరుగులో బాబిన్ల మధ్య పడుంది.

అబ్బాయి వాళ్లమ్మ ముందే చెప్పేసింది, మొదటి బిడ్డ పుట్టెంట్రుకలు పెంచలకోన నరసింహస్వామి దగ్గర తీయించాలని. అది వాళ్ల ఇంటి మొక్కు. అబ్బాయేమో "పెట్టేయ్, కాగితమే కదా, పెళ్లయ్యాక ఎవరొచ్చి చూస్తారు" అంటాడు. మా ఆయనదీ అదే పాట. మా అమ్మాయి మాత్రం "చేయగలనో లేదో తెలియని దానికి దేవుడి ముందు మాట ఇయ్యను" అని కూర్చుంది. మా అత్త ఇంకో మెలిక పెట్టింది. అబ్బాయి కూడా సంతకం చేయాలి, జ్ఞానస్నానం తీసుకోవాలి, మా కాలంలో అంతే అంటుంది. దీనికి తోడు వాళ్ల ముచ్చట కోసం పొద్దున వాళ్ల గుళ్లో తాళి, సాయంత్రం మా గుళ్లో పెళ్లి అనుకున్నాం. (మేం చర్చినీ గుడి అనే అంటాం, తికమకపడొద్దు.)

మనసులో రూఢి లేకుండా సంతకం పెడితే పాపమా? పెట్టకపోతే పెళ్లి ఆగిపోద్దా? పెళ్లి జాకెట్ కత్తిరించి పెట్టాను, చేతులు అతికిద్దామంటే మనసు రావడం లేదు.

చీమకుర్తి రాయి:

ఇంత గోల ఎందుకక్కా. రిజిస్టర్ ఆఫీసులో చేసుకుని రెండు వైపులా భోజనాలు పెట్టండి. అయిపోద్ది.

ఒంగోలు వకీలు:

మతం సంగతి నాకు తెలియదు, చట్టం వరకు చెబుతాను. పొద్దున గుళ్లో తాళి కట్టించి, ఆ ఫొటోలతో హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. 1955 నాటి ఆ చట్టం క్రైస్తవులకు వర్తించదు, హిందువుకీ క్రైస్తవురాలికీ జరిగే పెళ్లి దాని కింద నిలబడదు. అచ్చం ఇలాంటి కేసు మన రాష్ట్రం నుంచే వెళ్లింది. అబ్బాయి రోమన్ కాథలిక్, అమ్మాయి హిందువు, గుళ్లో తాళి, తర్వాత రిజిస్ట్రేషన్. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది.

మీకు దారులు రెండు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా చాలు, మీ చర్చి పెళ్లి దాని కిందికి వస్తుంది. రెండోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. చీమకుర్తి తమ్ముడు చెప్పేది ఇదే. దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏ దారైనా అమ్మాయి సర్టిఫికెట్లలో మతం ఏమని ఉందో ముందు చూసుకోండి. మన దిక్కు చర్చి రిజిస్టరులో ఒకటి, స్కూలు కాగితాల్లో ఒకటి ఉన్న ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. అప్పటికప్పుడు పరిగెత్తితే పనులు కావు.

పాత ఉపదేశి, కనిగిరి దిక్కు:

అమ్మా, 30 ఏళ్లు ఊళ్లలో మతబోధ చేసే ఉపదేశిగా చేసినోణ్ణి. ఒంగోలు అవతల ఉన్నా మాకూ మీకూ నెల్లూరు మేత్రాసనమే, అంటే ఒకే బిషప్ గారి ఏలుబడే కాబట్టి, ఇట్టాంటి కాగితాలు నా చేతుల మీదుగా చాలానే బిషప్ హౌసుకు పోయినాయి.

మీ అత్తగారు చెప్పేది అబద్ధం కాదు, పాతది. 1917 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలో ఇద్దరి చేతా హామీ తీసుకునేవాళ్లు. 1970లో ఆరో పౌలు పోపుగారు దాన్ని మార్చారు. ఇప్పుడు నడిచే 1983 చట్టంలో 1125వ నిబంధన చూడండి, మాట ఇచ్చేది కతోలికులు ఒక్కరే. ఆమె ఏం మాట ఇచ్చిందో అబ్బాయికి తెలియాలి, అంతవరకే. అతను సంతకం పెట్టక్కర్లా, మతం మారక్కర్లా. పెళ్లి కోసమని తలమీద నీళ్లు పోయించుకుని మరుసటి ఆదివారం నుంచి గుడి మొహం చూడని పెళ్లికొడుకుల్ని చూసి చూసి నాకు విసుగు పుట్టింది. మీ అబ్బాయి అట్టా చేయకపోవడమే మర్యాద.

అనుమతి మాత్రం తప్పదు. జ్ఞానస్నానం లేనివాళ్లతో పెళ్లి బిషప్ గారి అనుమతి లేకుండా జరిగితే శ్రీసభ లెక్కలో అది పెళ్లే కాదు. రిజిస్టర్ ఆఫీసులో ఒక్కటే చేసుకున్నా అంతే, ఆమె సత్ప్రసాదానికి (పూజలో పంచే పవిత్ర అప్పానికి) దూరం కావాల్సి వస్తుంది. పొద్దున తాళి, సాయంత్రం పెళ్లి కూడా కుదరదు. ముందుగానీ వెనకగానీ ఇంకో మతాచారంలో మళ్లీ పెళ్లి మాట ఇచ్చుకోకూడదు. ఇంకోటి, మీ గుళ్లో చేసేటప్పుడు సత్ప్రసాదం పంచే దివ్యపూజ లేకుండా చేస్తారు. ఇద్దరికీ జ్ఞానస్నానం ఉంటేనే అది సంస్కారం (శ్రీసభ లెక్కలో పవిత్ర కార్యం). దాన్నిబట్టి మీది తక్కువ పెళ్లి అనుకోవద్దు, చెల్లే పెళ్లే.

ఇక అసలు ప్రశ్న. కాగితం మళ్లీ చదవండి. "చేసి తీరతాను" అని లేదు, "శక్తి మేరకు" అని ఉంది. బిడ్డ ఇద్దరిది, కాబట్టి ఫలితం ఆమె ఒక్కదాని చేతిలో లేదని శ్రీసభకూ తెలుసు. పాతకాలపు వేదశాస్త్రి అక్వీనాసు తోమాసుగారు ఈ సంగతి విప్పి చెప్పాడు. మాట ఇచ్చేనాడు చేయాలన్న మనసు ఉంటే అది అబద్ధం కాదు, ఆ మనసే లేకుండా ఇస్తే అబద్ధం. మీ పనిలోనే చూడండి. క్రిస్మస్‌కి జాకెట్ ఇస్తానని గుడ్డ తీసుకున్నారు, కరెంటు పోయి కుదరలేదు. అది వేరు. తీసుకునేటప్పుడే ఈమెకు కుట్టేది లేదులే అనుకోవడం వేరు. నిజం పలకడాన్ని ఆయన న్యాయం అనే సుగుణం కింద పెట్టాడు, ఎందుకంటే అది ఎదుటివాడికి మనం పడ్డ బాకీ.

సంతకం ఉందా లేదా అనేది బిషప్ హౌసు చూడగలదు. లోపల ఏముందో ఏ చట్టమూ చూడలేదు. మీ ఇంట్లో ఆ పని మీ అమ్మాయి ఒక్కతే చేస్తోంది, ఆమెను తొందరపెట్టొద్దు. "ఎవరొచ్చి చూస్తారు" అనే అబ్బాయికి మాత్రం ఒకమాట. రేపు అదే నోటితో పెళ్లి ప్రమాణం చెబుతాడు, అది కూడా ఎవరూ వచ్చి చూడరు.

పుట్టెంట్రుకల మీద తీర్పు చెప్పడానికి నేనెవర్ని. ఆ పెద్దామెను కూర్చోబెట్టుకునే మాట్లాడండి, ఆమె లేనప్పుడు కాదు.

గూడూరు కోడలు:

నేను ఆ సంతకం పెట్టి తొమ్మిదేళ్లు. మనస్ఫూర్తిగానే పెట్టాను. కానీ మా ఆయనతో నోరు తెరిచి చెప్పలేదు, ఫాదర్ గారు చెప్పే ఉంటారులే అనుకున్నా. ఆయన చెప్పారు కూడా. ఆరోజు మా ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

పాప పుట్టాక తెలిసింది. "ఇదెప్పుడు ఒప్పుకున్నాను నేను?" అని మూడు నెలలు మాటల్లేవు. జ్ఞానస్నానం రెండేళ్లకు గానీ కాలేదు. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకుంటే ఫాదర్ గారు తిట్టలేదు, రోజూ నీ చేతనైంది చేస్తున్నావా అని మాత్రం అడిగారు. నా చేతనైంది ఒక్కటే, రాత్రి నిద్రపుచ్చేటప్పుడు పాప నుదుటి మీద సిలువ గుర్తు వేయడం. మా అత్త పక్క మంచం మీద నుంచి చూసేది, ఏమీ అనేది కాదు. ఒకరోజు జ్వరంతో తొందరగా పడుకున్నా. ఆవిడే వచ్చి లేపింది, "పాపకు నీ గుర్తు వేయలా" అని.

అక్కా, సంతకం సంగతి తర్వాత. ముందు ఆ కాగితం అబ్బాయి చేతే చదివించండి, పైకి, గట్టిగా.

కావలి టైలరమ్మ:

అందరికీ మళ్లీ వందనాలు. శనివారం వాళ్లు ముగ్గురూ వచ్చారు. గూడూరు చెల్లి చెప్పినట్టే మా అమ్మాయి కాగితం అబ్బాయి చేతిలో పెట్టింది. చదువుతూ చదువుతూ "శక్తి మేరకు" దగ్గర ఆగాడు. "నేను వద్దంటే?" అన్నాడు. "అడుగుతానే ఉంటా" అంది ఇది. "ఎన్నాళ్లు?" అన్నాడు. ఇది నవ్వలేదు, మేమూ నవ్వలేదు.

వాళ్లమ్మ చాలాసేపు మాట్లాడలా. కాఫీ చల్లారిపోయింది. చివరికి "మీ నీళ్లు మీరు పోయించుకోండి, వెంట్రుకలు మాత్రం కోనలోనే" అంది. అది ఎంతవరకు కుదురుతుందో నాకు తెలియదు, ఆదివారం పూజయ్యాక అందరం కలిసి ఫాదర్ గారి దగ్గరికి పోతున్నాం. ఆవిడ కూడా వస్తానంది, అదే నాకు ఆశ్చర్యం.

పొద్దున తాళి మానుకున్నారు. వకీలుగారు రాసిన 2008 తీర్పు అబ్బాయికి చదివి వినిపించా. ఉపదేశిగారు ఏమీ అనుకోవద్దు, మీరు చెప్పిన దానికంటే కోర్టు మాటకే ఎక్కువ బెదిరాడు.

సంతకం ఇంకా కాలేదు. కాగితం సొరుగులోంచి తీసి గోడకున్న మరియతల్లి పటం వెనక పెట్టింది మా అమ్మాయి. నేను జాకెట్‌కు కుడిచెయ్యి అతికించాను.