గంటలో ఎనిమిది మందిమి ఒకే మాట మీదికి ఎట్లా వచ్చాం?

ప్రశ్న (నర్సంపేట వైపు రైతు):
ఒక సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నప్పుడు, తేజ మిర్చిని వెంటనే ఏనుమాముల మార్కెట్‌కు తీసుకుపోదామని ఐదుగురం, కోల్డ్ స్టోరేజీలో పెడదామని ముగ్గురు అన్నారు. గంట తిరిగేసరికి, ధర గురించి కొత్త కబురేదీ రాకుండానే, అందరం కోల్డ్ స్టోరేజీ మాటే అంటున్నాం. నా అభిప్రాయం ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు.

జవాబు (హనుమకొండ, అధ్యాపకుడు):
1950లలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో, గీతల పొడవు పోల్చమన్నప్పుడు మిగతావారంతా ముందే అనుకొని తప్పు చెబితే, ఆ సంగతి తెలియనివారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. తోడుగా ఒక్కరు సరైన జవాబు చెబితే మాత్రం ఆ తలూపడం బాగా తగ్గింది. కళ్లెదుటి గీతకే అట్లా ఉంటే, రేపటి ధర సంగతి చెప్పేదేముంది? ఇంతకూ మీలో మొదట గట్టిగా మాట్లాడింది ఎవరు?

ప్రశ్న అడిగినవారు:
మా పెద్దబాపు. “పోయినేడు తొందరపడి అమ్మి మునిగిన” అంటూ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టారు. ఆ తర్వాత ఎవరమూ ఎదురు చెప్పలేదు.

జవాబు (పరకాల, పొదుపు సంఘం సభ్యురాలు):
మా సంఘంలో అప్పు ఎవరికివ్వాలన్న దానిపై చర్చకు ముందే అందరం చీటీల మీద రాసి డబ్బాలో వేస్తాం, అధ్యక్షురాలు చివరన మాట్లాడుతుంది. గొడవలు తగ్గలేదు, నిజానికి పెరిగాయి; కానీ ఎవరి మనసులో ఏముందో ముందే తెలుస్తోంది. అన్నా, నోటితో ఒప్పుకోవడం వేరు, లోపల ఒప్పుకోవడం వేరు. ఇంటికి వెళ్లాక కూడా మీకు అదే అనిపించిందా?

ప్రశ్న అడిగినవారు:
మా ఆవిడ అడిగితే, మొదటి నుంచీ నాది అదే మాట అన్నట్టుగా చెప్పాను, చెల్లె.