సంక్రాంతి వేడుకలో పిల్లల గంట: కింగ్ ప్రసంగం ఎలా నేర్పుదాం?

పిల్లల విభాగం సమన్వయం: అందరికీ నమస్కారం. అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఇక్కడ ఇచ్చే సెలవు జనవరి మూడో సోమవారం, మన సంక్రాంతి వేడుక దానికి ముందు శనివారం. భోజనాలకు ముందు 60 నిమిషాలు పిల్లలకు కేటాయించాం. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లు 40 మంది, ఎనిమిదేసి మందిగా ఐదు జట్లు, జట్టుకు ఇద్దరు పెద్దవాళ్లు. కింగ్ ప్రసంగంలోని 'నాకొక కల ఉంది' భాగాన్ని బట్టీ పట్టించి వేదిక మీద చెప్పిద్దామని కొందరు అడిగారు. ఏమంటారు?

తెలుగు బడి టీచరు: బట్టీ వద్దండీ. 17 నిమిషాల ప్రసంగంలో కల మాట బాగా చివరికి గానీ రాదు. అక్కడే మొదలుపెడితే పిల్లలకు 'అందరం కలిసిమెలిసి ఉండాలి' అన్న ముక్క తప్ప ఏమీ మిగలదు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు సుమారు రెండున్నర లక్షల మంది చేరింది ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం. ఆ యాత్ర పేరులోనే ఆ రెండు మాటలూ ఉన్నాయి. కనీస వేతనం గంటకు 2 డాలర్లు చేయాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి.

తొలి సగంలో కింగ్ వాడిన పోలిక ప్రోనోటు. దేశం పుట్టినప్పుడు పౌరులందరికీ రాసిచ్చిన నోటది, నల్లజాతివాళ్లకు మాత్రం ఖాతాలో డబ్బు లేదంటూ చెక్కు తిరిగొచ్చింది అంటాడు. హక్కంటే రావలసిన బాకీ అని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

ఇలా చేయిద్దాం. పోస్టుకార్డంత అట్టముక్కలు 45 కోయండి, ఐదు అదనం. ఒక్కోదాని మీద 'ఇది తెచ్చినవారికి 3 స్టిక్కర్లు ఇస్తాం' అని రాసి పెద్దవాళ్లు సంతకం పెట్టాలి. అంటే 135 స్టిక్కర్లు. కార్యక్రమం మొదట్లోనే పంచి, పది నిమిషాలయ్యాక తెమ్మనండి. తెచ్చినప్పుడు 'స్టిక్కర్లు లేవు' అని ఎర్ర సిరాతో రాసి వెనక్కి ఇచ్చేయాలి. స్టిక్కర్ల డబ్బా మాత్రం బల్ల మీద ఎదురుగానే ఉండాలి. ఎవరో ఒకరు దాన్ని చూపించి అడుగుతారు. న్యాయమనే బ్యాంకు దివాలా తీసిందంటే నమ్మం అన్న కింగ్ మాట అప్పుడు చెప్పండి. ఐదు నిమిషాల్లో బాకీ తీర్చేయాలి, ఆలస్యమైతే ఆరేళ్లవాళ్లు ఏడుపు లంకించుకుంటారు.

వాలంటీరు: సగం మందికి ఇచ్చి సగం మందికి ఎగ్గొడితే ఇంకా బాగా తెలుస్తుందేమో?

తెలుగు బడి టీచరు: వద్దే వద్దు. చొక్కా రంగో కళ్ల రంగో చూసి విడదీస్తే, పిల్లల కోపం మాట తప్పిన పెద్దల మీద ఉండదు, స్టిక్కర్లు దక్కిన పక్క పిల్లాడి మీదికి మళ్లుతుంది. పైగా వర్ణవివక్ష ఎలా ఉంటుందో అట్టముక్కలతో రుచి చూపించగలం అనుకోవడమే తప్పు.

వేదిక బాధ్యులు: విచిత్ర వేషధారణలో ఎవరైనా కింగ్‌గా వస్తే నల్ల కోటు, టై వరకే. మొహానికి నల్లరంగు పూయకూడదు. నల్లజాతివాళ్లను ఎగతాళి చేయడానికి మొహాన మసి పూసుకుని ఆడిన నాటకాలు ఈ దేశ చరిత్రలో ఉన్నాయి. తల్లిదండ్రులకు ఈ వారమే మెసేజ్ పెట్టండి, మేకప్ గదిలో చెబితే అప్పటికే రంగు పడిపోయి ఉంటుంది.

ప్రసంగం మీద కాపీరైటు కింగ్ వారసులది. జనం ముందు మాట్లాడినంత మాత్రాన అది పోలేదని 1999లో అప్పీళ్ల కోర్టు చెప్పింది. కాబట్టి పూర్తి పాఠం అచ్చువేసి పంచొద్దు, లైవ్‌లో ఆడియో వెళ్లనివ్వొద్దు. గదిలో రెండు చిన్న ముక్కలు వినిపిస్తే చాలు. హాలు స్పీకర్లలో పాత రికార్డింగు గింగురుమంటుంది, చిన్న స్పీకరు పిల్లల మధ్య పెట్టండి.

పెద్ద పిల్లల జట్టు: ప్రసంగంలో 'నీగ్రో' అన్న మాట పలుమార్లు వస్తుంది. ఆ రోజుల్లో మర్యాదగానే వాడేవారని, ఇప్పుడు మనం అనకూడదని వినిపించే ముందే చెప్పాలి. లేదంటే మంగళవారం స్కూల్లో ఎవరో అనేస్తారు.

ఆ తర్వాత జరిగినవి చార్టు మీద రాద్దాం: 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం, 1965 అక్టోబరు 3న వలస చట్టం. ఆ మూడోదానికి ముందు ఇక్కడికి వలస వచ్చే భారతీయుల కోటా ఏడాదికి 100 మందే. మన కుటుంబాలు వచ్చింది ఆ చట్టం తెరిచిన దారినే. ఈ చార్టు భోజనాల వరుస పక్కన పెట్టండి, పిల్లలకన్నా తల్లిదండ్రులు చదవాల్సింది ఇది.

తెలుగు బడి టీచరు: వేదిక మీద పిల్లలు సొంత వాక్యాలే చెప్పాలి. శతకాల్లో మకుటం పద్యం చివర వస్తుంది, కింగ్ 'నాకొక కల ఉంది' అన్న మకుటాన్ని వాక్యం మొదట్లో పెట్టాడు. పిల్లలు ఇది చప్పున పట్టుకుంటారు. 'కల' అంటే మాత్రం కొత్త ట్యాబ్లెట్ అడుగుతారు. అందుకే ఎవరికి, ఎక్కడ, ఏది అందడం లేదో వాక్యంలో ఉండాలని నియమం పెట్టండి: 'స్కూలు బస్సులో వీల్‌చైర్ ఎక్కే దారి ఉండాలి' లాగా. జట్టుకు మూడు వాక్యాలు.

పిల్లల విభాగం సమన్వయం: సరే, ఇలాగే చేద్దాం. అట్టముక్కలు, స్టిక్కర్లు తెచ్చేవాళ్లు గురువారంలోగా చెప్పండి. డబ్బా మాత్రం గాజుదో, లోపలిది కనిపించే ప్లాస్టిక్‌దో కావాలి. అట్టపెట్టె వద్దు.