పరిచయస్తుల దుకాణానికి ఇనుప సామాను ఊరికే చేసి పెట్టేవారు కొలతలు, లోహం, బాధ్యత ఎలా చూసుకుంటున్నారు?

పెరటి షెడ్డు (విజయవాడ)

మా వీధి చివర టిఫిన్ హోటల్ నడిపే దంపతులు దుకాణం ముందు గోడకు ఒక మడత బల్ల బిగించుకోవాలనుకుంటున్నారు. జనం నిలబడి తినడానికి పగలు తెరిచి, రాత్రి మడిచేసుకునేలా ఉండాలి. దానికి తగిన బ్రాకెట్లు బజారులో దొరకలేదని, చేసి పెట్టగలనా అని నన్ను అడిగారు. దాంతోపాటు పొయ్యి పైన గరిటెలు తగిలించుకోవడానికి స్టీలు పట్టీ, వారి పిండి గ్రైండరులో అరిగిపోయిన పిన్ను, బుష్ (పిన్ను తిరిగే గొట్టం ముక్క) కూడా కావాలన్నారు. నాకు పెరట్లో చిన్న లేత్, డ్రిల్లింగ్ మిషన్, ఆర్క్ వెల్డింగ్ సెట్టు ఉన్నాయి. కూలి తీసుకునే ఉద్దేశం లేదు. అయితే రోజూ పదిమంది వాడే సామాను కాబట్టి, ఇలాంటి పనులు చేసిపెట్టిన వారి అనుభవం తెలుసుకున్న తరువాతే ఇనుము కొందామని ఆగాను. బల్ల గోడ నుంచి 45 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. గోడ పాత ఇటుక గోడ.

ఆటోనగర్ ఫిట్టర్

మీరు అడిగిన మూడింటిలో ప్రమాదం ఉన్నది బల్లతోనే, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. బల్ల మీద పెట్టే ప్లేట్ల బరువు లెక్కలోకే రాదు. దాని అంచు మీద మోచేతులు ఆన్చి నిలబడే మనిషి బరువు లెక్కలోకి వస్తుంది. 80 కిలోల మనిషి గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో పూర్తి భారం మోపాడనుకోండి. బ్రాకెట్టు నిలువు కాలు 30 సెంటీమీటర్లే ఉంటే, పైబోల్టును గోడలోంచి బయటికి లాగే బలం 120 కిలోలు అవుతుంది. అదే కాలును 45 సెంటీమీటర్లకు పెంచితే ఆ లాగుడు 80 కిలోలకు తగ్గిపోతుంది. రెండు బ్రాకెట్లు ఉన్నాయి కదా, సగం సగం పంచుకుంటాయని అనుకోవద్దు, ఎందుకంటే మనిషి ఎప్పుడూ ఏదో ఒక చివరనే ఆనుకుంటాడు. ఒక్కో బ్రాకెట్టు మొత్తం భారాన్ని ఒంటరిగా మోయాలి, దానికి మూడు నాలుగు రెట్ల బలం చేతిలో ఉంచుకోవాలి. 40×6 ఎం.ఎం. ఫ్లాటు పట్టీతో త్రికోణంగా కట్టి, మూలకట్టు సరిగ్గా వేస్తే ఇనుము వంగదు. ఊడివచ్చేది గోడే.

పాత ఇటుక గోడలో బిగిసే కొద్దీ విచ్చుకునే యాంకర్ బోల్టు వేయడం నాకు ఇష్టం లేదు. అది ఇటుకను లోపలినుంచి తోసి చీలుస్తుంది, ఆ చీలిక పైకి కనబడదు. గోడ అవతలి వైపు అందుబాటులో ఉంటే 10 ఎం.ఎం. బోల్టును ఆరపారగా దింపి, వెనక 100×100×6 పలక పెట్టి నట్టు బిగించండి. అవతల పక్కవాళ్ల గది ఉంటే కెమికల్ యాంకర్ (బెజ్జంలో జిగురు మందు నింపి బోల్టును అతికించేది) వాడండి, కానీ బెజ్జంలోని దుమ్మంతా బ్రష్షుతో, గాలితో పూర్తిగా తీసేసిన తరువాతే మందు నింపాలి.

పెరటి షెడ్డు (విజయవాడ)

గోడ అవతల వారి వంటగదే ఉంది కాబట్టి ఆరపార బోల్టుకు ఇబ్బంది లేదు. బ్రాకెట్టు తలుపులా పక్కకు తిరిగి గోడకు ఆనుకునేలా చేయాలని అనుకుంటున్నాను. బందులకు అరంగుళం పైపు ముక్కలు, లోపల 16 ఎం.ఎం. రాడ్డు సరిపోతాయా?

ఆటోనగర్ ఫిట్టర్

సరిపోతాయి, కానీ ఒక్క విషయం చూసుకోండి. అరంగుళం మీడియం పైపు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి ఎక్కువే అయినా, లోపల అతుకు గీత పైకి లేచి ఉంటుంది కాబట్టి రాడ్డు దూరదు. ఆ గీతను గుండ్రటి ఆకురాయితో తీసేసి, రాడ్డును లేత్ మీద 15.7కు దింపండి. వెల్డింగ్ వేడికి పైపు ముక్క కొంచెం ముడుచుకుంటుంది కనుక, రాడ్డు లోపల ఉంచే టాకాలు వేసి, చల్లారిన తరువాత తిప్పి చూడండి. పైపు కొనేటప్పుడు జీ.ఐ. (జింకు పూత పైపు) కాకుండా నల్ల పైపే అడగండి. జింకు పూత మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. తెరిచిన బ్రాకెట్టు ఎవరి మోకాలో తగిలి మూసుకుపోకుండా పైనుంచి దించే ఒక పిన్ను కూడా తప్పకుండా పెట్టండి. వేడి సాంబారు గిన్నెలు ఉండే బల్ల అది.

బాలానగర్ టూల్‌రూమ్

గరిటెల పట్టీకి స్టీలు కొనేటప్పుడు 304 అని అడగండి, అడిగినదే ఇచ్చారో లేదో చూసుకోండి. 304లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 అనే ఇంకో రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ధర తక్కువ, మెరుపు మాత్రం ఒకటే. ఉప్పు, చింతపండు, ఆవిరి నిత్యం తగిలే చోట 202 ముందుగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి తేల్చేస్తామని చాలామంది అంటారు గానీ, ఈ రెండు రకాలూ అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి ఆ పరీక్ష వీటి మధ్య తేడా చెప్పలేదు. స్టీలు దుకాణాల్లో మందు చుక్క వేసి చిన్న బ్యాటరీతో చేసే పరీక్ష ఉంటుంది; చుక్క ఎర్రబారితే మాంగనీసు ఎక్కువున్న రకమని అర్థం. మీ ఎదుటే వేయమని అడగండి, కాదనరు.

రెండో సంగతి, మామూలు ఇనుము కోసిన కటింగ్ వీలుతోనే స్టీలును కోయకండి, ఇనుము మీద వాడిన తీగ బ్రష్షుతో రుద్దకండి. చక్రంలో, బ్రష్షులో చిక్కుకున్న ఇనుప రజను స్టీలులోకి దిగి, కొద్దిరోజులకే అక్కడ ఎర్రటి తుప్పు చుక్కలు లేస్తాయి. స్టీలు నాసిరకమని అందరూ దుకాణదారుణ్ని తిడతారు, తప్పు నిజానికి చక్రానిది. ఆర్క్ సెట్టుతోనే అతికేట్టయితే 308ఎల్ రాడ్డు వాడి, కరెంటు తగ్గించి చిన్న చిన్న ముక్కలుగా వేయండి. స్టీలులో వేడి త్వరగా పక్కకు పారదు, వ్యాకోచం కూడా ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కనుక పలుచటి పట్టీ ఇట్టే మెలితిరుగుతుంది. కొక్కేల చివరలు గుండ్రంగా అరగదీయండి. పొయ్యి ముందు తొందరలో చేయి చాచే మనిషికి ఆ చివరే తగులుతుంది.

గాజువాక వెల్డర్

సముద్రం దగ్గర ఉన్నవారికి ఒక మాట. మా వైపు ఉప్పుగాలికి 304 కూడా బయట నిలవదు. మాలిబ్డినం కలిసిన 316 కొనాలి, లేకపోతే మామూలు ఇనుముకే జింకు తొట్టెలో ముంచి పూత వేయించుకోవాలి.

పాత టర్నర్ (గుంటూరు)

పిన్ను, బుష్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. బాబూ, ఆ బుష్ గ్రైండరులో ఎక్కడుందో ముందు చెప్పండి. పాత్రను వంచి పిండి ఒంపే ఇరుసుదైతే అది పిండికి బయట ఉంటుంది, గన్‌మెటల్ బుష్ నిశ్చింతగా వేయవచ్చు. రాళ్లను పట్టే నడిమి కడ్డీదైతే మాత్రం దాని అరుగు నేరుగా పిండిలోకి దిగుతుంది. బజారులో గన్‌మెటల్ పేరుతో అమ్మే కడ్డీల్లో ఎక్కువ వాడుకలో ఉన్న రకంలో రాగి 85 పాళ్లు పోను తగరం, జింకు, సీసం తలా 5 పాళ్లు ఉంటాయి. సీసం ఉన్న లోహాన్ని తిండి తగిలే చోట ఎంతమాత్రం పెట్టకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. నైలాను నీళ్లు పీల్చి ఉబ్బి కడ్డీని పట్టేస్తుంది. తిండి యంత్రాలకని అమ్మే యూ.హెచ్.ఎం.డబ్ల్యూ. పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్ నీళ్లు పీల్చదు, లేత్ మీద సులువుగా తిరుగుతుంది. స్టీలు పిన్నుకు స్టీలు బుష్ అసలే వద్దు. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని బిగుసుకుపోతాయి.

కొలత తీసేటప్పుడు పిన్ను నడుమ వెర్నియర్ పెట్టకండి. పిన్ను అరిగేది బుష్‌లో తిరిగే భాగమే, అదీ ఒక పక్కనే. రెండు చివర్లలో బుష్ బయట మిగిలిన అంగుళం పావంగుళం చోట అసలు వ్యాసం దాగి ఉంటుంది. అక్కడ రెండు అడ్డకోణాల్లో కొలిస్తే అసలు సైజు తేలుతుంది. 25 ఎం.ఎం. పిన్నుకు లోహపు బుష్‌లో 0.05 నుంచి 0.1 ఎం.ఎం. దాకా ఖాళీ చాలు, ప్లాస్టిక్ బుష్‌కు కొంచెం ఎక్కువ వదలాలి. వంచే ఇరుసుకు ఈఎన్8 (గట్టి కార్బన్ ఉక్కు) రాడ్డు తీసుకోండి, అరిగితే చవకగా మారే బుష్ అరగాలి గానీ పిన్ను అరగకూడదు.

చివర నట్టు మర ఉంటే గేజితో చూడండి. పాత యంత్రాల్లో అరంగుళం విట్‌వర్త్ మర కనబడుతుంది, అంగుళానికి 12 చుట్లు, 55 డిగ్రీల కోణం. 12 ఎం.ఎం. మరకు చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.75 మిల్లీమీటర్లు, కోణం 60. చూపుకు రెండూ ఒకేలా ఉన్నా, ఒకదాని నట్టు రెండోదాని మీద సరిగా కూర్చోదు; బలవంతాన తిప్పితే మర పోతుంది.

నల్లగొండ టిఫిన్స్

నేను ఇలాంటి సాయం తీసుకునేవైపు ఉన్నవాణ్ని, అందుకే మా సంగతి చెప్పాలనిపించింది. ఊరికే చేసి పెట్టిన వస్తువులో ఏదైనా వదులైతే మళ్లీ అడగడానికి మాకు నోరు రాదు. డబ్బు ఇచ్చి ఉంటే మర్నాడే వెళ్లి అడుగుతాం. మొహమాటంతో తాడు కట్టి నెట్టుకొస్తాం, మీకు తెలిసేసరికి అది విరిగి ఉంటుంది. కాబట్టి పెరటి షెడ్డు గారూ, మీరు కూలి వద్దనుకున్నా సామాను డబ్బు మాత్రం తీసుకోండి. 40×6 పట్టీ మీటరుకు 1.88 కిలోలు, 16 రాడ్డు 1.58 కిలోలు అని బరువు లెక్కతో ఒక కాగితం రాసి ఇస్తే ఇచ్చేవాళ్లకు గౌరవంగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, నెల తరువాత వచ్చి బోల్టులు చూసి వెళతానని మీరే ముందు చెప్పండి. అప్పుడు మాకు అడిగే అవసరం రాదు.

ఒహాయో తెలుగు

ఇక్కడ నేను ఒక కిరాణా దుకాణానికి అరలు చేసిచ్చాను. డబ్బు తీసుకోకపోయినా, నేను చేసిన వస్తువు వల్ల కొనుగోలుదారుకు దెబ్బ తగిలితే నా మీద దావా వేయవచ్చని బీమా ఏజెంటు చెప్పారు. అందుకని మనుషులు ఆనుకునేవి, తలపైన వేలాడేవి నేను ఒప్పుకోవడం లేదు, మిగతావి సంతోషంగా చేస్తున్నాను.

ఆటోనగర్ ఫిట్టర్

అక్కడి పద్ధతి అక్కడిది, నేను కాదనను. ఇక్కడ మాత్రం మనం తప్పుకుంటే ఆ దంపతులు లెక్కా జమా లేని వెల్డర్ దగ్గరికి వెళ్లి, రెండు యాంగిల్ ముక్కలు యాంకర్ బోల్టులతో కొట్టించుకుంటారు. చేతనైనవాడు జాగ్రత్తగా చేయడమే వారికి మేలని నా గట్టి నమ్మకం. బిగించిన రోజు బల్ల అంచుకు ఇద్దరు ఆనుకుని, పూర్తి భారం మోపి, వారి ఎదుటే పరీక్షించి చూపండి.

పెరటి షెడ్డు (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. నిలువు కాలు 45 సెంటీమీటర్లు, వెనక పలకలతో ఆరపార బోల్టులు, దించే పిన్ను ఖాయం చేసుకున్నాను. గరిటెల పట్టీకి 304 తీసుకుని కొత్త చక్రంతో కోస్తాను. సామాను డబ్బు తీసుకుంటాను, నెలకోసారి వెళ్లి చూస్తాను. గ్రైండరు సంగతికొస్తే, టర్నర్ గారూ, అది రాళ్లను పట్టే నడిమి కడ్డీ బుష్షే. పాతది ఇత్తడి రంగులో ఉంది.

పాత టర్నర్ (గుంటూరు)

అయితే ఇత్తడి జోలికి పోకుండా నేను చెప్పిన పాలిథిలిన్ కడ్డీయే తెప్పించుకోండి, పిన్ను 304లో తిప్పండి, ఆ చోట మామూలు గ్రీజు పెట్టవద్దని వారికి చెప్పండి. బుష్‌లు రెండు తిప్పి ఒకటి వారి దగ్గరే ఉంచండి. పాత బుష్‌ను పారేయకుండా బయటి వ్యాసం కొలిచి రాసుకోండి. లోపల ఎంత అరిగినా, గ్రైండరులో తన గూటిలో బిగుతుగా కూర్చున్న బయటి కొలత మారదు, కొత్తదానికి అదే ఆధారం.