"సాహసం శాయరా డింభకా": ఇంతకీ డింభకుడంటే ఎవరు?

ప్రశ్న: పాతాళ భైరవిలో మాంత్రికుడు తోట రాముణ్ణి డింభకా అంటాడు కదా, అది దద్దమ్మా అని తిట్టడమేనా? మా కావలిలో పని చెడగొట్టినోణ్ణి అలాగే అంటాం. మీమ్స్‌లో డింబకా, ఢింభకా, ఎవరిష్టం వాళ్ళది. ఏది కరెక్ట్?

జవాబు: తిట్టు కాదండీ. డింభకుడంటే పసివాడు, మన నెల్లూరు మాటలో పిలకాయ. ఈ సినిమాకి మాటలు రాసిన పింగళి గారు పుట్టించిందీ కాదు (ఆయన సరదాకి విరిచి చేసిన మాటలు కావాలంటే మాయాబజార్‌లో అసమదీయులు, తసమదీయులు ఉన్నారు). పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకుని పిలిచే పిలుపే ఇది:

డింభక సర్వస్థలముల
నంభోరుహనేత్రుఁ డుండు ననుచు మిగుల సం
రంభంబునఁ బలికెద వీ
స్తంభంబునఁ జూపఁ గలవె చక్రిన్ గిక్రిన్

మీ స్పెల్లింగ్ తగాదా సగం ఇక్కడే తీరిపోతుంది. ఇది కంద పద్యం, కందంలో ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, నాలుగు పాదాల్లోనూ కలవాలి, డింభ, నంభో, రంభం, స్తంభం, కాబట్టి ఒత్తు భ ఉండాల్సిందే, డింబకా తప్పు. మొదటి అక్షరం సంగతి ప్రాస చెప్పదు గానీ నిఘంటువుల్లో డింభకుడే, ఢింభకుడు కాదు.

అసలు మజా ఏంటంటే, అక్కడ కన్నతండ్రి పళ్ళు నూరుతూ అన్నమాట, ఇక్కడ తోట రాముణ్ణి భైరవికి బలివ్వాలనుకునేవాడు తండ్రిలా ముద్దుచేస్తూ అంటున్నాడు, పైగా రాకుమారి దొరుకుతుందని ఆశ పెట్టి మరీ. 1951లో నేపాళ మాంత్రికుడు వేసిన ఎస్.వి. రంగారావే 1967లో భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు కూడా. ఆ గొంతుకి రెండూ సరిపోయాయి.

ఇంకో మాట, పాతాళ భైరవి తీసిన కె.వి. రెడ్డి గారి దగ్గర శిష్యరికం చేసిన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు మన ఉదయగిరిలో పుట్టినాయనే. 1991లో ఆదిత్య 369లో టైమ్ మెషీన్ ఎక్కించి రాయల కాలానికి, అటునుంచి 2504కి తిప్పాడు, 1994లో భైరవ ద్వీపంతో మళ్ళీ మాంత్రికుల దగ్గరికొచ్చాడు. నా ఓటు మాత్రం పాతాళ భైరవికే, గ్రాఫిక్స్ లేకపోయినా మాటతోనే భయపెట్టింది.

ప్రశ్న: మరి శాయరా ఏంటి? సేయరా కదా?

జవాబు: జనం నోట్లో సేయరా అయిపోయింది. చేయుకి పాత వాడుక రూపం శాయు, పాత ఉత్తరాల్లో కనిపిస్తుంది. సేయరా అంటే మామూలు పద్యభాష, శాయరా అంటేనే మాంత్రికుడి నోటికి ఆ పాతకాలపు వాసన. ఈసారి సినిమా పెట్టినప్పుడు ఆ ఒక్క అక్షరం దగ్గర సౌండ్ పెంచి వినండి.