సైకియాట్రీ మందులు వాడేవారికి రోహిణి ఎండల్లో జ్వరం: వడదెబ్బా, మందు ప్రభావమా?

లంక ఊరి ఏఎన్ఎం:
నమస్కారమండీ. మా సబ్ సెంటర్ పరిధిలో హాలోపెరిడాల్, ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్ళు, నెలకోసారి డిపో ఇంజెక్షన్ (ఒంట్లో వారాలపాటు పనిచేసే సూది) చేయించుకునేవాళ్ళు ఉన్నారు. చాలామందికి ఆ మందుల వల్ల వచ్చే బిగువు, వణుకు తగ్గడానికి పాసిటేన్ కూడా నడుస్తోంది. రోహిణి కార్తెలో వీళ్ళకి జ్వరం వస్తే ఇంట్లోవాళ్ళు వడదెబ్బే అనుకుని తడిగుడ్డ వేసి, డోలో ఇచ్చి ఊరుకుంటారు. మందు వల్ల వచ్చిన జ్వరాన్ని ఇంటి దగ్గరే ఎలా పోల్చుకోవాలి? ఇక్కడ పంటు (పడవ) మీద ఏరు దాటితేగానీ 108 ఎక్కలేరు, అందుకే ఎప్పుడు కదలాలో ముందే తెలియాలి.

సైకియాట్రీ పీజీ, కాకినాడ:
థర్మామీటరు పెట్టాక మోచెయ్యి పట్టుకుని మెల్లగా వంచి, చాచి చూడండి. మొదటినుంచి చివరిదాకా ఇనప గొట్టాన్ని వంచుతున్నట్టు ఒకే బిగువు తగులుతోందా? దానికి 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, విపరీతమైన చెమట, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం తోడైతే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ (ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రాణాపాయ స్థితి) అనుకునే బయల్దేరండి. నాడి వంద దాటుతుంది, బీపీ ఒకసారి ఎక్కువగా, కాసేపటికి తక్కువగా ఉంటుంది. లక్షణాలన్నీ కనబడేదాకా ఆగకండి, జ్వరమూ బిగువూ కలిస్తే చాలు.

మందు మెదడులో సంకేతాలు మోసే రసాయనమైన డోపమిన్‌ని మరీ అడ్డేస్తే కండరాలు బిగుసుకుని వదలవు. ఆ బిగువే వేడి పుట్టిస్తుంది. కండరం చితికి సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) వేలల్లోకి వెళ్తుంది, ఆ కండరంలోంచి వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీను కిడ్నీలని దెబ్బతీస్తుంది. మూత్రం డికాక్షన్ రంగుకి మారితే ఆ దశ మొదలైనట్టే. ఎక్కువగా మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన తొలి రెండు వారాల్లో వస్తుంది, తర్వాత రాదని కాదు. ఒంట్లో నీరు తగ్గడం, పక్కన లిథియం (మూడ్ నిలకడకి ఇచ్చే మందు) ఉండడం ముప్పుని పెంచుతాయి. నీళ్ళు తాగకుండా ఎండలో పొలం పని చేయించడం అందుకే ప్రమాదం.

వడదెబ్బలో సాధారణంగా ఒళ్ళు కాలిపోతూ పొడిగా ఉంటుంది, కాళ్ళూ చేతులూ వాలిపోతాయి. పాసిటేన్ చెమటని ఆపుతుంది కాబట్టి అది వాడేవాళ్ళకి వడదెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది. తేడా తేలకపోయినా నష్టం లేదండీ, రెండూ ఆసుపత్రి కేసులే. రెండిట్లోనూ పారాసిటమాల్ పనిచేయదు. నీడకి చేర్చి, ఒళ్ళంతా తడిపి ఫ్యాను పెట్టండి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి.

ఇలా అనుమానం వస్తే తర్వాతి డోసు, లిథియం ఉంటే అదీ, ఆపేసి తీసుకురండి. మామూలు జలుబు జ్వరానికి మాత్రం మందు మాన్పించకండి, జబ్బు తిరగబెడుతుంది.

ఫార్మసిస్టు, అమలాపురం:
ఏం ఇవ్వకూడదో కూడా చెప్పాలి. వాంతులవుతున్నాయని ఊళ్ళో పెరినార్మ్ గానీ స్టెమెటిల్ గానీ పొడిచేస్తారు. అవీ డోపమిన్‌ని అడ్డేసేవే, మంటలో నెయ్యి పోసినట్టవుతుంది. పలవరిస్తున్నాడని, జబ్బు ముదిరిందనుకుని హాలోపెరిడాల్ సూది వెయ్యడం అంతకన్నా ఘోరం.

క్లోజపిన్ వాడేవాళ్ళ జ్వరాన్ని వేరుగా చూడాలి. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు కనబడితే అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) లెక్క డాక్టరుకి చెప్పాలి. 1500 కన్నా తగ్గితే హెచ్చరిక, 1000 కన్నా తగ్గితే మందు ఆపాల్సిందే. 1975లో ఫిన్లాండ్‌లో తెల్లకణాలు పడిపోయి మరణాలు జరిగాకే ఈ పరీక్షల పద్ధతి వచ్చింది. మొదటి 18 వారాలు వారంవారం చేయించాలి. టైఫాయిడ్ అని సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే రక్తంలో క్లోజపిన్ మోతాదు పెరిగిపోయి మగత, ఫిట్స్ రావచ్చు. జ్వరంలో బీడీలు మానేసినా పెరుగుతుంది, ఈ సంగతి చాలామంది అడగరు. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ అసలొద్దు, అదీ తెల్లకణాలని తగ్గించగలదు.

లంక ఊరి ఏఎన్ఎం:
చాలా ఉపయోగమండీ. జ్వరం లేకుండా మెడ ఒక పక్కకి తిరిగిపోయి, కళ్ళు పైకి నిలబడిపోతే?

స్టాఫ్ నర్స్, రాజోలు:
అది అక్యూట్ డిస్టోనియా అమ్మా, మందు వల్ల కండరాలు హఠాత్తుగా మెలితిరిగి పట్టేయడం. మందు పడ్డ గంటల్లోనో, మొదటి కొద్ది రోజుల్లోనో వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, పాపం ఆ మనిషికి స్పృహ ఉంటుంది, నొప్పంతా తెలుస్తూనే ఉంటుంది. పీహెచ్‌సీలో డాక్టరు చూసి ఫెనర్గాన్ కండకి చేయిస్తే సాధారణంగా అరగంటలో వదులుతుంది. నాలుక వాచినట్టయి, ఊపిరి అందకపోతే మాత్రం ఆగొద్దు. జ్వరం ఉంటే ఫెనర్గాన్ జోలికి వెళ్ళకండి, అదీ చెమటని ఆపుతుంది.

పంటు ఎక్కేముందు ఒక చీటీ రాసి పంపమ్మా: మందుల పేర్లు, డోసులు, చివరి మాత్ర వేసిన టైము, డిపో ఇంజెక్షన్ తేదీ. డిపో వారాలపాటు ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆ తేదీని బట్టే ఎన్నాళ్ళు అడ్మిట్ చెయ్యాలో తెలుస్తుంది. జ్వరమూ బిగువూ వచ్చినవాళ్ళకి డిశ్చార్జి కాగితం మీద న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అని పేరు రాయించండి. పూర్తిగా కోలుకున్నాక కనీసం రెండు వారాలు ఆగి, వేరే మందుని తక్కువ డోసుతో మొదలుపెడతారు. కాగితం మీద లేకపోతే మరో చోట మళ్ళీ అదే సూది వేసేస్తారు.