ఎండాకాలం కోల్డ్ గ్యాస్ 48 దాకా పోతోంది: తప్పు కూలర్‌దా, గ్యాస్‌దా?

టీజీహాల్_బెజవాడ
200 మెగావాట్ల తరగతి జెనరేటర్. రోటరూ (తిరిగే భాగం) కోరూ (స్టేటర్ ఇనుము) హైడ్రోజన్‌తో, స్టేటర్ వైండింగ్ డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లతో చల్లబడే రకం. గ్యాస్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 3 కేజీలు, ప్యూరిటీ (హైడ్రోజన్ స్వచ్ఛత) 98 శాతం. నిలువు గ్యాస్ కూలర్లు నాలుగు. ఏప్రిల్ మొదట్లో కూలర్‌కి వెళ్లే నీరు 32 డిగ్రీలు, కోల్డ్ గ్యాస్ (కూలర్ దాటి వచ్చే హైడ్రోజన్) 40, హాట్ గ్యాస్ (కూలర్‌లోకి వెళ్లేది) 61. ఇప్పుడు నీరు 35, కోల్డ్ గ్యాస్ 48, హాట్ గ్యాస్ 69. మెగావాట్లూ ఎంవార్లూ (రియాక్టివ్ లోడు) మారలేదు. కృష్ణ నీళ్లు వేడెక్కాయి కాబట్టి ఇంతేనని షిఫ్టులో అంటున్నారు. నిజంగా ఎండ వల్లేనా?

కూలర్‌బండిల్
ఎండ వాటా 3 డిగ్రీలే అండీ. నీరు 3 పెరిగితే గ్యాస్ కూడా 3, మహా అయితే మూడున్నర పెరగాలి. మీకు 8 పెరిగింది. మిగిలిన 5 ఎక్కడిదో వెతకాలి.

టెంపరేచర్లు విడివిడిగా చూస్తే ఏమీ తేలదు, తేడాలు చూడాలి. మొదటి తేడా హాట్ గ్యాస్‌కీ కోల్డ్ గ్యాస్‌కీ మధ్య. అప్పుడు 21, ఇప్పుడూ 21. అంటే మెషీన్‌లో పుట్టే వేడి మారలేదు, ఫ్యాన్లు తోసే గ్యాస్ మారలేదు. కోరు, రోటరు, ప్యూరిటీ, ప్రెషర్ వీటిని అనుమానించే పని తప్పింది. రెండో తేడా కోల్డ్ గ్యాస్‌కీ కూలర్‌లోకి వచ్చే నీటికీ మధ్య. అప్పుడు 8, ఇప్పుడు 13. తప్పు కూలర్ల దగ్గరే ఉంది. మూడో తేడా, నీరు లోపలికి వెళ్లేటప్పటికీ బయటికొచ్చేటప్పటికీ ఎంత వేడెక్కిందన్నది మీరు రాయలేదు. వేడి అంతే ఉండి నీటి పెరుగుదల ఎక్కువైతే ఫ్లో తగ్గినట్టు: స్ట్రైనర్, వాల్వు, లేదా పైన చిక్కుకున్న గాలి. పెరుగుదల మారకుండా గ్యాస్ మాత్రమే వేడెక్కితే ట్యూబుల్లో పాకుడో, ఒండ్రో, ఫిన్లమీద (ట్యూబుల బయటి పల్చటి రేకులమీద) ఆయిల్ పొరో.

నాలుగు కూలర్లకీ విడివిడిగా ఇవ్వండి. సగటు లెక్కలో ఒక్క కూలర్ రోగం మిగతా మూడింటి వెనక దాక్కుంటుంది.

కృష్ణలంక_ఈఈఈ
ప్యూరిటీ 98 అని రాశారు కదా, ఆ మీటర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? అనలైజర్ లైన్‌లో ఆయిల్ చేరితే అంకె అక్కడే నిలబడిపోతుంది.

సీల్‌ఆయిల్_డెస్క్
ఫ్యాన్ డీపీతో (ప్రెషర్ తేడాతో) పోల్చండి. స్పీడు స్థిరం కాబట్టి ఫ్యాన్ ముందూ వెనకా ప్రెషర్ తేడా గ్యాస్ సాంద్రతను బట్టే ఉంటుంది. గాలి హైడ్రోజన్ కంటే 14.4 రెట్లు బరువు. 98 శాతం ప్యూరిటీలో మిశ్రమం సాంద్రత స్వచ్ఛమైన హైడ్రోజన్‌కి 1.27 రెట్లు, 95 శాతంలో 1.67 రెట్లు. ప్యూరిటీ మూడు పాయింట్లు పడితే సాంద్రత మూడో వంతు దాకా పెరుగుతుందన్నమాట. విండేజ్ నష్టం (గ్యాస్‌ని చిలకడానికి పోయే పవర్) కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అదే గ్యాస్ ప్రెషర్ దగ్గర ఫ్యాన్ డీపీ మారకపోతే ప్యూరిటీ మారలేదు.

4 నుంచి 75 శాతం మధ్య హైడ్రోజన్ గాలితో కలిసి పేలుతుందని అందరికీ తెలుసు. అందుకే 95 దగ్గర అలారం వస్తే ఊరుకోం. కానీ 98 నుంచి 96కి జారడం ఎవరికీ పట్టదు, నష్టం అక్కడే మొదలవుతుంది. షాఫ్ట్ దగ్గర గ్యాస్ బయటికి పోకుండా ఆయిల్‌తో ఆపే సీళ్లుంటాయి. పాత డబుల్ ఫ్లో సీళ్లలో ఎయిర్ సైడ్, హైడ్రోజన్ సైడ్ ఆయిల్ ప్రెషర్లు సమానంగా లేకపోతే, ఆయిల్‌లో కరిగిన గాలి లోపల విడుదలై ప్యూరిటీని మెల్లగా దించేస్తుంది. ఆ ప్రెషర్లను సమం చేసే ఈక్వలైజింగ్ వాల్వు పనితీరు నెలకోసారైనా చూడాలి.

టీజీహాల్_బెజవాడ
ఫ్యాన్ డీపీ మారలేదు. కూలర్ల రీడింగులు ఇవిగో. నీరు అన్నిటికీ 35 దగ్గరే లోపలికి వెళ్తోంది. ఏ, బీ, డీ మూడింటిలో నీరు 41 దగ్గర బయటికొస్తోంది, గ్యాస్ 46. సీ కూలర్‌లో నీరు 38 దగ్గరే బయటికొస్తోంది, గ్యాస్ 54. సీ వాటర్ సైడ్ డీపీ మిగతావాటికంటే తక్కువ.

కూలర్‌బండిల్
జవాబు మీ అంకెల్లోనే ఉంది. మిగతా మూడు కూలర్లు గ్యాస్‌ని 69 నుంచి 46కి, అంటే 23 డిగ్రీలు దించుతున్నాయి. సీ 15 డిగ్రీలే. గ్యాస్ నాలుగింటికీ సమానంగా పంచుకుంటుందనుకుంటే సీ తీసుకునే వేడి మిగతావాటిలో 65 శాతం. దాని నీటి పెరుగుదల మాత్రం సగమే: 6కి బదులు 3. 0.65ని 0.5తో భాగిస్తే 1.3. అంటే సీ గుండా పోయే నీరు మిగతావాటికంటే 30 శాతం ఎక్కువ, పట్టుకెళ్లే వేడి తక్కువ. డీపీ కూడా తక్కువ. ట్యూబులు పూడుకుపోతే డీపీ పెరగాలి, నీరు తగ్గాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది.

నీరు ట్యూబుల్లోకి వెళ్లకుండా, వాటి చివరుండే వాటర్ బాక్స్‌లోనే అడ్డదారి పడుతోంది. పాస్‌లను (నీరు వెళ్లే, తిరిగొచ్చే ట్యూబు వరసలను) వేరుచేసే పార్టిషన్ పట్టీ కింది గాస్కెట్ కొట్టుకుపోయి ఉండాలి, లేదా పట్టీయే తినేసి ఉండాలి. రబ్బరు గాస్కెట్‌ని కొలత ప్రకారం కోయకుండా అందాజుగా పెట్టి బిగించినప్పుడు ఇలాగే అవుతుంది. కవర్ అంచు చుట్టూ బిగుస్తుంది, మధ్య పట్టీ దగ్గర వదులుగా ఉంటుంది. బయటికి చుక్క నీరు కారదు కాబట్టి ఎవరికీ తెలియదు.

మిగతా మూడింటిలోనూ కొంచెం పాకుడు ఉంది. పాత రీడింగుల నిష్పత్తి ప్రకారం వాటికి కోల్డ్ గ్యాస్, నీటి తేడా 9.4 రావాలి, 11 ఉంది. అది వచ్చే షట్‌డౌన్ దాకా ఆగగలదు.

కృష్ణలంక_ఈఈఈ
స్టేటర్ వాటర్ ఇన్‌లెట్ ఎప్పుడూ కోల్డ్ గ్యాస్ కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండాలంటారు. ఇక్కడ గ్యాస్ 48కి పోయింది. నీటి సెట్ పాయింట్ 45 అయితే వైండింగ్‌మీద చెమట పట్టదా?

సీల్‌ఆయిల్_డెస్క్
చెమట పట్టేది గ్యాస్ డ్యూ పాయింట్ (అందులోని తేమ నీరయ్యే టెంపరేచర్) కంటే లోహం చల్లగా ఉంటేనే. ఆ నాలుగైదు డిగ్రీలు జాగ్రత్త కోసం పెట్టిన నియమం. డ్యూ పాయింట్ నిజంగా తక్కువగా ఉంటే 45 డిగ్రీల వైండింగ్ బార్‌కి భయం లేదు. అసలు చిక్కు డ్యూ పాయింట్ అంకెలోనే ఉంది, దీన్ని చాలాచోట్ల తప్పుగా చదువుతున్నారు.

మీటర్ శాంపిల్‌ని వాతావరణ పీడనానికి దించి కొలుస్తుందా, కేసింగ్ ప్రెషర్ దగ్గరే కొలుస్తుందా? వాతావరణ పీడనం దగ్గర 0 డిగ్రీలు చూపించిన గ్యాస్, 3 కేజీల గేజ్ ప్రెషర్ ఉన్న కేసింగ్ లోపల దాదాపు 20 డిగ్రీల డ్యూ పాయింట్‌తో ఉంటుంది. ప్రెషర్ నాలుగు రెట్లయితే ఆవిరి పాక్షిక పీడనం కూడా నాలుగు రెట్లవుతుంది కదా. 0 చూసి పొడిగా ఉందని సంతోషపడతాం. డిసెంబరు రాత్రి మెషీన్ ఆగి, టీజీ హాల్ 18కి దిగితే ఆ గ్యాసే రోటర్ మీద నీరవుతుంది. పైగా చాలా డ్రయ్యర్లు ఫ్యాన్ డీపీతోనే నడుస్తాయి. మెషీన్ ఆగితే వేరే బ్లోయర్ లేని డ్రయ్యర్ ఉన్నా లేనట్టే.

తేమకి మొదట దెబ్బతినేది రిటైనింగ్ రింగ్ (రోటర్ చివర వైండింగ్‌ని పట్టి ఉంచే ఉక్కు కట్టు). పాత 18 మాంగనీస్, 5 క్రోమియం ఉక్కు రింగులు తడిలో స్ట్రెస్ కొరోజన్‌తో (లాగుడులో ఉన్న లోహానికి పట్టే తుప్పుతో) పగులుతాయి. అందుకే 18-18 ఉక్కుకి మారారు. మీ మెషీన్‌లో ఏది ఉందో రికార్డులో చూసుకోండి, 18-5 అయితే డ్యూ పాయింట్ విషయంలో ఏ రాయితీ ఇవ్వకండి.

తేమ ఎక్కడిదంటే మొదట సీల్ ఆయిల్ చూడండి, కూలర్ ఆ తరవాతే. టర్బైన్ గ్లాండ్ స్టీమ్ (షాఫ్ట్ సందులు మూసే ఆవిరి) ప్రెషర్ ఎక్కువైతే ఆవిరి బేరింగ్ పెడెస్టల్‌లోకి చేరి లూబ్ ఆయిల్‌లో నీరవుతుంది, అదే ఆయిల్ సీళ్లకి వస్తుంది. ఆయిల్‌లోని గాలీ తేమా లాగేసే వ్యాక్యూమ్ ట్యాంకు వ్యాక్యూమ్ పడిపోయిందేమో, నీరు వేరుచేసే సెంట్రిఫ్యూజ్ నడుస్తోందో లేదో చూడండి. నడుస్తున్నప్పుడు నీటికంటే గ్యాస్ ప్రెషరే ఎక్కువ కాబట్టి కూలర్ చిల్లుపడితే హైడ్రోజనే నీళ్లలోకి పోతుంది. గ్యాస్ ప్రెషర్ దించి కూలర్‌లో నీరు అలాగే వదిలేసినప్పుడే నీరు లోపలికొస్తుంది.

గుంటూరు_డీజీ
చిన్న మెషీన్ సంగతి అడుగుతున్నా, మన్నించాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీలో 500 కేవీఏ డీజీ (డీజిల్ జెనరేటర్), మధ్యాహ్నం రెండు దాటాక కూలెంట్ హై టెంపరేచర్‌తో ఆగుతోంది. రేడియేటర్ 50 డిగ్రీలకి డిజైన్ చేసిందే, బయట 45.

కూలర్‌బండిల్
ఆ 50 రేడియేటర్ ముందుకొచ్చే గాలి టెంపరేచర్ అండీ, వాతావరణ శాఖ చెప్పే 45 కాదు. ఇంజన్, సైలెన్సర్ వేడికి గది 8 డిగ్రీలు పెరిగితే రేడియేటర్‌కి తగిలేది 53. థర్మామీటర్ని రేడియేటర్ కోర్ దగ్గర, ఇంజన్ వైపు వేలాడదీసి లోడ్‌మీద చూడండి. కోర్ వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లయితే గాలి వచ్చే దారి నికరంగా 2 నుంచి 2.25 ఉండాలి. లూవర్లు సగం మింగేస్తాయి కాబట్టి గోడలో కన్నం 4 చదరపు మీటర్లు. తలుపు తీసినా ఫర్వాలేదనుకోవద్దు. గాలి ఆల్టర్నేటర్ వైపు నుంచి వచ్చి, మొత్తం సెట్ మీదుగా రేడియేటర్‌కి చేరాలి, పక్కనుంచి దూరితే ఆల్టర్నేటర్ దగ్గర వేడి అలాగే నిలిచిపోతుంది. రేడియేటర్‌కీ గోడ కన్నానికీ మధ్య కాన్వాస్ డక్ట్ చిరిగితే వేడి గాలి మళ్లీ గదిలోకే తిరుగుతుంది, సగం కేసులు ఇవే.

మీ దగ్గర ఇంకోటి ఉంది: మిర్చి పొడి. క్రాంక్‌కేస్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి ఫిన్ల మధ్య మైనంలా పట్టుకుంటుంది, ఉత్త గాలి కొడితే పోదు. డీగ్రీజర్ పోసి, అరగంట నాననిచ్చి, గాలి పోయే దిశకి ఎదురుగా తక్కువ ప్రెషర్ నీటితో కడగండి. ఎక్కువ ప్రెషర్ కొడితే ఫిన్లు వంగిపోతాయి. ఛార్జ్ ఎయిర్ కూలర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) విడిగా ఉంటే రెండింటి మధ్య సందులో చూడండి, పొడి అక్కడే దాక్కుంటుంది. ఆల్టర్నేటర్ రేటింగ్ 40 డిగ్రీలకే. పైన ప్రతి 5 డిగ్రీలకీ దాదాపు 3 శాతం లోడు తగ్గించాలి.

సాగర్_హైడల్
డీజీలోనే కాదు, పెద్ద హైడ్రో మెషీన్లలోనూ ఇదే జిగురు. నాగార్జునసాగర్ లాంటిచోట్ల 100 మెగావాట్ల మెషీన్లు కూడా గాలితోనే చల్లబడతాయి, స్టేటర్ చుట్టూ ఎయిర్ కూలర్లుంటాయి. బ్రేక్ ప్యాడ్ల పొడి, థ్రస్ట్ బేరింగ్ ఆయిల్ ఆవిరి కలిసి స్టేటర్ డక్టులు (గాలి తిరిగే సందులు) మూసేస్తాయి. బ్రేకుల్ని ఎక్కువ స్పీడులో వేస్తే పొడి ఎక్కువ. కూలర్ బాగుండి స్లాట్ ఆర్‌టీడీలు (వైండింగ్ దగ్గరి టెంపరేచర్ సెన్సర్లు) మాత్రం పెరుగుతుంటే డక్టులు వెతకండి.

టీజీహాల్_బెజవాడ
సీ కూలర్‌ని నడుస్తుండగానే తెరవచ్చా? షట్‌డౌన్ దొరికేది జూన్‌లోనే.

కూలర్‌బండిల్
ఒక కూలర్ తీసేసి నడపొచ్చు, కానీ ఎంత లోడుకో మీ మెషీన్ మాన్యువల్లో ఉంటుంది, దాన్ని దాటకండి. లోడు ముందే దించి, స్లాట్, కోర్ టెంపరేచర్లు నిలబడేదాకా ఆగి అప్పుడే నీరు ఆపండి. ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండూ మూసి తాళం వేసి ట్యాగ్ కట్టండి. తరవాత వెంట్ తీసి డ్రెయిన్ చేయండి. వెంట్ దగ్గర హైడ్రోజన్ డిటెక్టర్ పెట్టకుండా వాటర్ బాక్స్ బోల్టు ఒక్కటి కూడా కదపొద్దు. ట్యూబు కారుతుంటే బాక్స్‌లో గ్యాస్ నిండి ఉంటుంది. డిటెక్టర్ ఏమాత్రం చూపించినా అలాగే మూసేసి షట్‌డౌన్ దాకా ఆగండి. గ్రైండర్, వెల్డింగ్, క్రేన్ ఆ పక్కకి రానివ్వకండి, ఇత్తడి పనిముట్లు వాడండి.

గాస్కెట్ కొత్తది పార్టిషన్ పట్టీతో కలిపి ఒకే ముక్కగా కోయండి. పట్టీ అంచు ఫ్లాంజ్ ముఖంతో సమంగా ఉందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడండి. అర మిల్లీమీటర్ లోతున్నా నీరు దారి చేసుకుంటుంది. ట్యూబులు ఎలాగూ కనిపిస్తున్నాయి కాబట్టి నైలాన్ బ్రష్ వేయండి, తీగ బ్రష్ వద్దు. నీరు తిరిగి పెట్టేటప్పుడు ఇన్‌లెట్ కొంచెం తెరిచి, వెంట్‌లోంచి బుడగలు లేని నీరు వచ్చేదాకా నింపి, ఆ తరవాత అవుట్‌లెట్. ఫ్లో ఎప్పుడూ అవుట్‌లెట్ వాల్వుతోనే సర్దండి, ఇన్‌లెట్‌ని నొక్కితే పై ట్యూబులు ఖాళీ అవుతాయి.

సీల్‌ఆయిల్_డెస్క్
జూన్‌లో గ్యాస్ తీసేటప్పుడు ఎయిర్ టెస్ట్ (గాలి నింపి లీకు చూడడం) కూడా చేయించండి, టెంపరేచర్ సవరణ మరవద్దు. కేసింగ్ 60 క్యూబిక్ మీటర్లనుకోండి. అబ్సొల్యూట్ ప్రెషర్ 4.00 బార్, లోపల 40 డిగ్రీలు, 24 గంటల తరవాత 3.95 బార్, 38 డిగ్రీలు. టెంపరేచర్ పట్టించుకోకపోతే రోజుకి 2.6 క్యూబిక్ మీటర్ల లీకులా కనిపిస్తుంది. ప్రెషర్‌ని కెల్విన్‌తో భాగించి తేడా తీస్తే 1.27 మాత్రమే. కానీ అది గాలి. అదే కన్నం నుంచి హైడ్రోజన్ 3.8 రెట్లు పోతుంది కాబట్టి 4.8 అని లెక్కేసుకోండి.

కార్బన్ డయాక్సైడ్ సరిపడా తెప్పించుకోండి. హైడ్రోజన్‌ని తోసేయడానికి కేసింగ్‌కి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, అంటే 90 నుంచి 120 క్యూబిక్ మీటర్లు. 30 కేజీల సిలిండర్ 16 ఇస్తుంది, లెక్కకి ఎనిమిది చాలు. కానీ వేగంగా తీస్తే సిలిండర్ గడ్డకట్టి సగం లోపలే ఉండిపోతుంది, హీటర్ ఉన్నా పన్నెండు పెట్టుకోండి. బరువైన గ్యాస్ కాబట్టి అది కింది హెడర్ నుంచి ఎక్కాలి, హైడ్రోజన్ పైనుంచి పోవాలి, శాంపిల్ పైనుంచే తీయాలి. కార్బన్ డయాక్సైడ్ 95 శాతం చూపించాక డ్రయ్యర్, అనలైజర్ లైన్లు, డ్రెయిన్ పాట్లు ఒక్కొక్కటే విడిగా తోయండి, మూలల్లో హైడ్రోజన్ మిగులుతుంది. తరవాత గాలి పెట్టడం ఆలస్యం చేయకండి. కార్బన్ డయాక్సైడ్ తేమతో కలిసి లోహాన్ని తింటుంది, 24 గంటలు దాటనివ్వొద్దు. గాలి లైన్ స్పూల్ ముక్క (విప్పి తీయగల పైపు ముక్క) అప్పుడే బిగించండి, హైడ్రోజన్ తిరిగి ఎక్కించే ముందు తీసి బ్లాంక్ వేసి, ఆ ముక్కని కంట్రోల్ రూమ్‌లో పెట్టించండి.