క్రిస్టల్ మేజ్‌లో లాకైన మనిషిని విడిపించాలా, వద్దా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. మా పదేళ్ల అమ్మాయితో కలిసి ఛానల్ 4 పాత గేమ్ షో 'ది క్రిస్టల్ మేజ్' చూస్తున్నాను. రిచర్డ్ ఓబ్రయన్ నడిపిన 1990 నాటి ఎపిసోడ్లు. జట్టులో ఒక్కొక్కరు ఒక గదిలోకి వెళ్లి ఆడాలి, గెలిస్తే ఒక క్రిస్టల్ (స్ఫటికం) దొరుకుతుంది. ఆటకు రెండు మూడు నిమిషాలే. టైమ్ దాటితే తలుపు మూసుకుపోతుంది, ఆడే మనిషి లోపలే. విడిపించాలంటే కెప్టెన్ ఒక క్రిస్టల్ వదులుకోవాలి. అమ్మాయి "వదిలేయకూడదు నాన్నా" అంటుంది. నాకేమో క్రిస్టల్ అంటే చివర్లో జట్టంతా కలిసి రేకులు పట్టే డోమ్‌లో (గుమ్మటంలో) 5 సెకన్లు కదా అని ప్రాణం లాగుతుంది. మీరైతే?

జవాబు: మనిషినే ఎంచుకోండి. డోమ్‌లో ఫ్యాన్ల గాలికి రేకులు ఎగిరిపోతుంటాయి. బంగారు రేకుల లెక్కలోంచి వెండివి తీసేశాక 100 మిగలాలి. పట్టే చేతులు తక్కువైతే ఆ 5 సెకన్లు ఏం చేసుకుంటాం?

జవాబు: లోపల ఉన్నది ఎవరో చూడాలి. ఫిజికల్ ఆటలు మిగిలి ఉంటే, బలమైనవాళ్లను తప్పక విడిపిస్తాను. మెంటల్ ఆటకైతే బయటివాళ్లు కిటికీలోంచి చూసి అరిచి చెప్పొచ్చు.

ప్రశ్న అడిగినవారు: చేతుల లెక్క నాకు తట్టలేదండీ. అమ్మాయికి చదివి వినిపించాను, ఎగిరి గంతేసింది.